గీత ఏ వైపున పడింది?

‘మన పాటల పెట్టె’లో ఇది ఏడో భాగం. పోయిన భాగంలో క్యాసెట్ల సంగతి చెప్పుకున్నాం. ఈసారి సీడీలు.

సీడీ పాడటం లేదనగానే మనం చేసే మొదటి పని దాన్ని తిప్పి మెరిసే వైపు చూడటం. అక్కడ నాలుగు గీతలు కనిపిస్తే ‘ఇంకేముంది, పోయింది’ అని పక్కన పడేస్తాం. పిల్లలు దాన్ని సైకిల్ చక్రానికి కట్టుకుంటారు, లేదంటే పిట్టలు రాకుండా చేలో వేలాడదీస్తారు. పేరు రాసి ఉన్న వైపు గీతలు పడితే మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది అట్ట లాంటిదే కదా అనుకుంటాం. అసలు లెక్క దీనికి పూర్తిగా తలకిందులు.

సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్కే. మెరిసే వైపు మన వేలికి తగిలేది ఆ ప్లాస్టిక్కు. పాట ఉండేది అక్కడ కాదు. ఆ మందమంతా దాటి అవతలి అంచున, పేరు రాసే వైపు పైపొర కింద ఉంటుంది. దాని మీద పల్చటి లోహపు పూత, దాని మీద వార్నిష్ లాంటి మరో పూత. ఈ రెండూ కలిపినా వెంట్రుకంత మందం ఉండవు. అంటే పాటకు కింద మందపాటి గోడ ఉంది, పైన ఉల్లిపొర ఉంది. మెరిసే వైపు గీత పడితే గోడ మీద గీత పడినట్టు. పేరు రాసిన వైపు గీత పడితే పాట మీదే పడినట్టు.

గత ఆరేడేళ్లుగా మా విద్యార్థులూ నేనూ కలిసి మన పేటల్లో, పల్లెల్లో, సంఘం ఆఫీసుల్లో అటకల మీద పడి ఉన్న డిస్కులు పోగుచేస్తున్నాం. వాటిలో గీతలు పడినవే ఎక్కువ. ఆ పని నేర్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ డిస్కులు ఏ కాలానివో చెప్పాలి. 1985 జులై 17న కారంచేడు జరిగింది. ఆ తరవాత దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరు. 1994 జులై 7న ఈదుముడిలో మాదిగ దండోరా. ఈ కాలమంతా మన పాట గొంతు మీద, డప్పు మీద, ఆ తరవాత క్యాసెట్ మీద నడిచింది. కారంచేడు మీద గద్దర్ కట్టిన పాటను సభలో కూర్చుని విన్నవాళ్ల కంటే టేప్ రికార్డర్ ముందు కూర్చుని విన్నవాళ్లే ఎక్కువ ఉంటారు. క్యాసెట్ పోయాక, చేతిలోకి ఫోన్ రాకముందు, నడుమ ఒక పది పదిహేనేళ్లు సీడీ రాజ్యం చేసింది. సుమారుగా 1998 నుంచి 2012 దాకా అనుకోండి. ఏప్రిల్ 14 ఊరేగింపులు, డిసెంబరు 6 సభలు, ఆగస్టు 6 సంస్మరణలు, కళాబృందాల ఆటపాటలు, పెద్దల అంతిమయాత్రలు, చిందు భాగవతాలు, డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం. పెళ్లి వీడియోలు తీసే మన కుర్రాళ్లు వీటిని కూడా తీశారు. తీసి వీసీడీల్లోకి ఎక్కించి, సభ ఖర్చు పెట్టుకున్న పెద్దమనిషికి ఒకటి, పాడినవాళ్లకు ఒకటి ఇచ్చారు. అంతే. మూడోది ఎక్కడా లేదు.

ఇక్కడే సినిమా పాటకూ మన పాటకూ తేడా. సినిమా పాట డిస్క్ మీద గీత పడితే ఇంకోటి కొనుక్కోవచ్చు. కంపెనీ దగ్గర మూలం ఉంటుంది. మన డిస్కే మన మూలం. గీతలు పడిన ఆ డిస్క్ పాడకపోతే ఆ గొంతు ఇక లేదు. అందుకే డిస్క్ బాగుచేయడం మనకు చిల్లర మెకానిక్ పని కాదు, చరిత్ర పని. మనకు శాసనాలు వేయించిన రాజులు లేరు. ఆస్థానాల్లో తాటాకుల కట్టలు లేవు. నెట్ సెంటర్లో ఇరవై రూపాయలకు ‘రైట్’ చేయించిన డిస్కులు ఉన్నాయి.

ఫ్యాక్టరీలో అచ్చు వేసిన డిస్కుకూ ఈ నెట్ సెంటర్ డిస్కుకూ కూడా తేడా ఉంది. అచ్చు డిస్కులో పాట సన్నటి గుంటల రూపంలో ఉంటుంది. మనం రాయించుకున్న దాంట్లో గుంటలు ఉండవు. ఒక రంగు పూత ఉంటుంది, లేజర్ దాన్ని కాల్చి మచ్చలు పెడుతుంది. అందుకే వీటి అడుగు ఆకుపచ్చగానో నీలంగానో బంగారు రంగులోనో కనిపిస్తుంది. ఆ పూత ఎండకు, వేడికి, తేమకు వెలిసిపోతుంది. రేకుల ఇంట్లో పదిహేను వేసవులు గడిపిన డిస్క్ గీత ఒక్కటీ లేకపోయినా చచ్చిపోయి ఉండొచ్చు. కాబట్టి ‘తీరిగ్గా చూద్దాంలే’ అనుకోకండి.

ఇక బాగుచేయడం. దీన్ని కొంచెం వివరంగానే రాస్తాను, ఎవరైనా ఇంట్లో చేసుకోగలగాలి.

డిస్కును అంచు పట్టుకుని లైటుకు అడ్డంగా పెట్టి చూడండి. అక్కడక్కడా సూదిమొనంత వెలుగు అవతలికి కనబడితే లోహపు పూత లేచిపోయిందన్నమాట. ఆ మేరకు పాట లేదు. ఏ పేస్టూ దాన్ని తిరిగి తీసుకురాదు. వెలుగు కనబడకపోతే ఆశ ఉంది. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడగండి. సగం డిస్కులకు అసలు జబ్బు గీతలు కావు, వేలిముద్రలూ నూనె జిడ్డూ. మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. పళ్లెం తుడిచినట్టు గుండ్రంగా మాత్రం వద్దు. నడుమ చిల్లు నుంచి అంచుకు తిన్నగా, ముగ్గులో పువ్వు రేకులు గీసినట్టు తుడవాలి.

ఇది చాదస్తం కాదు. పాట డిస్క్ మీద లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా ఉంటుంది. ఆ చుట్టంతా విప్పితే 5 కిలోమీటర్ల పైనే పొడవు. నడుమ నుంచి అంచుకు పడిన గీత ఒక్కో చుట్టను ఒక్కచోట మాత్రమే కోసుకుంటూ పోతుంది. గుండ్రంగా పడిన గీత ఒకే చుట్ట వెంట నడిచి వరసగా అంతా మింగేస్తుంది. మొదటిదాన్ని యంత్రం తట్టుకుంటుంది, రెండోదాన్ని తట్టుకోలేదు.

ఎట్లా తట్టుకుంటుంది? రెండు కారణాలు. ఒకటి, లేజర్ కిరణం ప్లాస్టిక్ పైన తగిలే చోట దాదాపు 0.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. లోపలికి పోతూ పోతూ సూదిమొన కంటే సన్నగా ముడుచుకుని పాట మీద వాలుతుంది. కళ్లద్దాల మీద చిన్న మరక ఉన్నా దూరపు చెట్టు కనబడినట్టే, సన్న గీతలు దానికి అడ్డం రావు. రెండోది లెక్కలకు సంబంధించింది. 1960లో రీడ్, సాల్మన్ అనే ఇద్దరు అమెరికన్ గణిత శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి కనిపెట్టారు. దాన్నే 1982లో ఫిలిప్స్, సోనీ కంపెనీలు సీడీలో వాడాయి. పాటను వరసగా ఒకేచోట రాయకుండా ముక్కలు చేసి ఎడంఎడంగా పరుస్తారు. వాటికి సరిచూసుకునే అంకెలు తోడు చేస్తారు. ఒకచోట సుమారు 2.5 మిల్లీమీటర్ల దాకా ముక్క మొత్తం పోయినా, మిగతా ముక్కల నుంచి లెక్కగట్టి యంత్రం దాన్ని మళ్లీ ఉన్నదున్నట్టు తయారు చేసుకుంటుంది. వరినాట్లప్పుడు పాటను చూడండి. ఒకామె దగ్గు వచ్చి ఆగితే పక్కామె అందుకుంటుంది. పాట ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా లేదు, అందుకే ఏ ఒక్కరు ఆగినా ఆగదు.

కడిగినా పాడకపోతే తెల్లటి టూత్‌పేస్ట్. జెల్ పనికిరాదు, దాంట్లో రాపిడి తక్కువ. చిటికెడంత గీత మీద రాసి, అదే పువ్వు రేకుల పద్ధతిలో, ఒత్తకుండా, అయిదు నిమిషాలు రుద్ది కడిగేయాలి. ఇది గీతను పూడ్చదు. గీత అంచుల్ని అరగదీస్తుంది. నిటారుగా ఉన్న గట్టు వాలుగా మారితే వెలుగు చెదరకుండా లోపలికి పోతుంది. లోతు గీతలైతే వాజ్‌లైన్ పల్చగా పూసి, పైన మిగిలింది మొత్తం తుడిచేసి, గీతలో నిండింది మాత్రం ఉండనివ్వండి. ప్లాస్టిక్‌లో లాగే దాంట్లోనూ వెలుగు నడుస్తుంది. ఒక్కసారి పాడటానికి సరిపోతుంది. ఆ ఒక్కసారిలోనే కాపీ తీసుకోవాలి. పెట్రోలు, థిన్నరు, గోళ్ల రంగు తుడిచే మందు మాత్రం దగ్గరికి రానీయకండి, ప్లాస్టిక్ మసకబారి డిస్క్ గుడ్డిదైపోతుంది.

కాపీ తీసేటప్పుడు వేగం తగ్గించండి. ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదువుతుంది. పాత కంప్యూటర్ల డ్రైవులను తూకానికి అమ్మకండి. పాటల సీడీకి ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’ ఉంది. అది ఒక్కో ముక్కను పదేపదే చదివి సరిచూసుకుంటుంది. ఎంపీ3 ఫైళ్లున్న డిస్కుకు ‘డీడీరెస్క్యూ’. ఇది ముందు బాగున్న చోట్లన్నీ చదివేసి, చెడిన చోట్లను గుర్తు పెట్టుకుని చివరికి వాటి దగ్గరికి వస్తుంది. ఒకే ఫైలు నుంచి రాయించిన రెండు డిస్కులు రెండిళ్లలో ఉండి, రెండింటి మీదా గీతలు వేరువేరు చోట్ల పడి ఉంటే, రెంటినీ కలిపి ఒక పూర్తి డిస్క్ చేసుకోవచ్చు కూడా. వీసీడీలే కష్టం. వాటిలో ఎక్కువ వీడియో పట్టించడం కోసం తప్పులు దిద్దే అంకెల్లో ఒక పొరను వదిలేశారు. అందుకే మన సభల వీసీడీలు కొంచెం గీతకే గళ్లుగళ్లుగా విడిపోతాయి.

ఇంతవరకు మెరిసే వైపు సంగతి. ఇప్పుడు పేరు వైపు.

మా దగ్గరికి వచ్చిన వాటిలో బాగుచేయడానికి వీల్లేకుండా పోయినవి చాలావరకు ఈ వైపు దెబ్బతిన్నవే. బాల్‌పెన్నుతో గట్టిగా ఒత్తి రాసినవి ఉన్నాయి. ఆ అక్షరాలే గంటం దిగినట్టు పాటలోకి దిగాయి. కాగితం అంటించినవి ఉన్నాయి. ఆ కాగితం ఊడబీకితే దాంతోపాటు వెండిపూత ఊడి వచ్చింది. తాటాకు మీద గీతే అక్షరం. గీసి, మసీ పసరూ రుద్దితే గీత నల్లబడి చదువుకోవడానికి వస్తుంది. డిస్క్ మీద అక్షరం రాయబోతే అదే గీతైంది. (డీవీడీలో పాట రెండు పలకల నడుమ ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ.)

పేరు పాటను చంపడం ఒక రకం. పాట బతికి పేరు చావడం ఇంకో రకం. రెండోదే మన చరిత్రలో ఎక్కువ. నా చేతికొచ్చిన డిస్కుల మీద ‘జానపదం’, ‘సేకరణ’, ‘ఉద్యమ గీతాలు’ అన్న మాటలే తప్ప కట్టినవాళ్ల పేర్లు అరుదు. వరకట్నపు చావుల మీద కలేకూరి ప్రసాద్ రాసిన పాట తెలుగునాట తెలియనివాళ్లు తక్కువ. అది ఆయనదని తెలిసినవాళ్లు ఎంతమంది? ఆయనకు పుస్తకాలున్నాయి, స్నేహితులున్నారు, కాబట్టి చెప్పుకోగలుగుతున్నాం. నాట్లలో, మట్టిపనిలో, సమ్మెల్లో పాటలు కట్టిన ఆడవాళ్ల సంగతి ఏమిటి? వాళ్ల పాటకు ‘జానపదం’ అని రాస్తే జనం కట్టారని గౌరవించినట్టు కనిపిస్తుంది. చాలాసార్లు అది అడగడానికి ఓపిక లేకపోవడమే.

ఈ పేరు గొడవ డిస్క్ పుట్టిన రోజు నుంచీ ఉంది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే గ్రామఫోన్ కంపెనీ ఉద్యోగి కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేశాడు. అప్పట్లో డిస్కులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడివాళ్లకు మన భాషలు తెలియవు, ఏ డిస్క్ ఎవరిదో తెలియాలి. అందుకని పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో పలికేది. కంపెనీ సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటే. కానీ దానివల్ల ఏం జరిగిందో చూడండి. చీటీ చిరిగినా, అట్ట పోయినా, నూట ఇరవై ఏళ్ల తరవాత కూడా ఆమె పేరు ఆమె గొంతులోనే ఉంది. ‘మర్యాదస్తుల’ ఇళ్ల ఆడవాళ్లు డిస్కుకు పాడటానికి జంకిన ఆ రోజుల్లో ముందుకొచ్చింది తవాయిఫ్‌లూ దేవదాసీలూ. బెంగళూరు నాగరత్నమ్మ గొంతు కూడా ఆ పాత డిస్కుల మీద ఉంది. 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను అచ్చు వేయించి, నిషేధాన్ని ఎదుర్కొన్నది ఆమే. సాహిత్య చరిత్ర తుడిచేయబోయిన ఒక స్త్రీ పేరును, డిస్క్ మీద పాడిన ఇంకో స్త్రీ నిలబెట్టింది.

ఆ పాత డిస్క్ దేంతో చేసేవారో కూడా మన విద్యార్థులకు తెలియాలి. లక్క. ఛోటానాగపూర్ అడవుల్లో మోదుగ, రేగు చెట్ల కొమ్మలకు పట్టే లక్కపురుగుల జిగురు. అక్కడి ఆదివాసులు కొమ్మల మీంచి గీకి తెచ్చిన దాన్ని శుద్ధి చేసి, రాతిపొడీ మసీ కలిపి డిస్కులు అచ్చువేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క కొరత వచ్చినప్పుడు అమెరికాలో పాత డిస్కులను కరిగించి కొత్తవి చేశారు. ప్రపంచం సగం శతాబ్దం పాటు ఏ పాట విన్నా ఆదివాసుల చేతుల మీదుగా వచ్చిన జిగురు మీదే విన్నది. డిస్క్ చీటీ మీద కంపెనీ పేరుంది, కుక్క బొమ్మ ఉంది, లక్క తెచ్చినవాళ్ల పేరు లేదు. డప్పు చర్మం ఎవరు శుద్ధి చేశారని కచేరీలో ఎవరైనా అడుగుతారా?

గౌహర్ జాన్ చేసిన పనిని మనవాళ్లు వేరే రకంగా చేశారు. కొన్ని సభల రికార్డుల్లో పాటకు ముందు ‘నాది పలానా ఊరు, పలానావాళ్ల కోడల్ని, ఈ పాట మేం కలుపులో కట్టుకున్నాం’ అని చెప్పి ఎత్తుకుంటారు. కాపీ తీసేటప్పుడు మా పిల్లలు మొదట్లో ఆ ముక్కను కత్తిరించబోయేవారు, పాట నేరుగా మొదలైతే బాగుంటుందని. వద్దన్నాను. కవి మకుటం తీసేసి శతకం అచ్చువేస్తామా?

కత్తిరించకూడదు, అతికించనూ కూడదు. దీనికో సంగతి చెబుతాను. కృష్ణా డెల్టాలో ఒక పల్లెలో కూలి రేటు కోసం జరిగిన సమ్మె తరవాత ఆడవాళ్లు ఒక పాట కట్టుకున్నారు. దెబ్బలు తిన్నవాళ్లను పేరుపేరునా తలుచుకునే పాట. డిస్కును ఎంత రుద్దినా, నాలుగు డ్రైవులు మార్చినా, నడుమ 11 సెకన్లు రాలేదు. మా విద్యార్థి ఒకడు కంప్యూటర్ పనిలో దిట్ట.

“సార్, చరణం వరస ఒకటే కదా. పై చరణం నుంచి దరువు తీసి అతికిస్తాను. వినేవాళ్లకు తెలియనే తెలియదు” అన్నాడు.

“తెలియదు కాబట్టే వద్దు” అన్నాను.

తాళపత్రాలు పరిష్కరించేవాళ్లకు ‘గ్రంథపాతం’ అని ఒక మాట ఉంది. పురుగు తిన్నచోట, ఆకు విరిగినచోట చుక్కలు పెట్టి ‘ఇక్కడ గ్రంథపాతం’ అని అచ్చు వేస్తారు. నిజాయితీ ఉన్న పరిష్కర్త అక్కడ తన పద్యం రాయడు. రాసినవాళ్లూ ఉన్నారు, వాళ్ల వల్ల ఏ పద్యం ఎవరిదో తేలక మనం ఇప్పటికీ తన్నుకుంటున్నాం. వేమన పేర ఎన్ని పద్యాలు చేరాయో మీకు తెలుసు. సీడీ ప్లేయర్ కూడా ఈ పని చేస్తుంది. లెక్కగట్టడానికి వీల్లేనంత పోయినప్పుడు, ముందు ధ్వనికీ వెనక ధ్వనికీ నడుమ ఏముండొచ్చో ఊహించి నింపేస్తుంది. సెకనులో వందో వంతుకు అది చేస్తే ఫర్వాలేదు. ఇప్పుడు వస్తున్న కొత్త సాఫ్ట్‌వేర్లు మాటలకు మాటలే పుట్టించి నింపగలవు. గొంతు కూడా ఆమెదే అనిపిస్తుంది.

ఇందులో ప్రమాదం ఎందుకుందో చుండూరు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎనిమిది మందిని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులని విడిచిపెట్టింది. మన సాక్ష్యంలో చిన్న సందు దొరికితే దాంట్లోంచి ఏనుగులు నడిచిపోతాయి. మన డిస్కులో ఒక్కచోట అతుకు బయటపడితే మిగతా గంటా అబద్ధమంటారు.

అందుకని ఆ 11 సెకన్లు ఖాళీగానే ఉంచాం. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పక్కన రాసిపెట్టాం. ఆ రికార్డు పట్టుకుని పల్లెకు వెళ్లాం. పాడినామె లేదు. వెంట పాడినవాళ్లు ముగ్గురు ఉన్నారు. ఖాళీ వచ్చేసరికి ముగ్గురూ అందుకున్నారు. ఇద్దరు ఒక పేరు పాడారు, మూడో ఆమె ఇంకో పేరు పాడింది. “వాళ్ల మరిదిని కూడా కొట్టారయ్యా, ఆయన్ని పాటలో పెట్టకపోతే ఆమె నెల రోజులు మాట్లాడలేదు, అందుకని మార్చాం” అంది. అంటే పాట ఒక్కటి కాదు, సమ్మె తరవాత కూడా వాళ్ల మధ్య నడుస్తూ మారుతూ ఉంది. ఎవరి దెబ్బ పాటలోకి ఎక్కాలో వాదించుకున్నారు. ఖాళీని నింపేసి ఉంటే ఈ చరిత్ర మాకు దొరికేది కాదు. ముగ్గురి గొంతులూ విడివిడిగా రికార్డు చేసి, పేర్లు వాళ్ల చేతే చెప్పించి, పాత డిస్క్ పక్కన పాఠాంతరాలుగా పెట్టాం. వాటిని ఎవరికి వినిపించాలి, ఎవరికి వద్దు అన్నది కూడా వాళ్లనే అడిగాం. కొట్టినవాళ్లు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లు “పాట పెట్టుకోండి, ఊరి పేరు చెప్పకండి” అన్నారు. అందుకే ఇక్కడా చెప్పలేదు.

ఇంట్లో డిస్కులున్నవాళ్లకు నాలుగు మాటలు. వాటి మీద ఇప్పుడు కొత్తగా ఏమీ రాయకండి. అంటించిన కాగితాన్ని పీకకండి, దాని మీదున్న అక్షరాలను ఫోన్‌తో ఫొటో తీయండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, కాగితం కవర్లో నిలబెట్టి బీరువాలో నీడ పట్టున ఉంచండి. అన్నిటికంటే ముందు, అందులో పాడినవాళ్లు బతికి ఉంటే ఈ ఆదివారమే వెళ్లి అడగండి. కొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్క్ పెట్టుకునే అరే ఉండటం లేదు. బయట తగిలించే డ్రైవ్ మా దగ్గర రెండున్నాయి, కావాలంటే తీసుకెళ్లి వారంలో తెచ్చివ్వండి.

పేరు వైపు పూర్తిగా పోయిన డిస్కులు మా దగ్గర 14 ఉన్నాయి. అవి ఇక పాడవు. వాటినీ పారేయలేదు. ఏ ఊరిది, ఎవరింట్లో దొరికింది, ఆ రోజు ఎవరు పాడారని ఇంట్లోవాళ్లు చెప్పారు, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాశాం. వాటిలో ఒకటి జాంబపురాణం డిస్క్. ఆ కథ చెప్పిన డక్కలి పెద్ద కొడుకు పక్క జిల్లాలో ఉన్నాడని తెలిసింది. సంక్రాంతి సెలవుల్లో వెళ్తున్నాం.

వచ్చే భాగం వీహెచ్‌ఎస్ టేపులకు పట్టిన బూజు గురించి.